వంతెన దగ్గర నిలబడ్డవాడు

పెద్దమ్మ జ్ఞాపకార్థ కూడిక అయిపోయి, వచ్చిన బంధువులంతా సాయంత్రం బండికి వెళ్లిపోయాక, రేపల్లె ఇంట్లో ఆవిడ బీరువా సర్దుతూ కూర్చున్నాం. చీరల అడుగున, ఎండిన వేపాకు మధ్య, మడతపెట్టిన తెల్ల దారపు అల్లిక ఒకటి బయటపడింది. దులిపి పట్టుకుంటే ముందువైపు చదరంగా ఉంది, వెనకవైపు గుమ్మడికాయంత బొడిపె, అంచుల చుట్టూ ద్రాక్షగుత్తులు. ఎంత ఓపికతో అల్లిందో చూస్తేనే తెలుస్తోంది. ఎందుకు అల్లిందో మాత్రం నాకు తప్ప అక్కడున్నవాళ్లెవరికీ అంతుపట్టలేదు.

"టీవీ మీదిదేమో," అంది మా చెల్లి.

"ఈ ఇంట్లో ఇంత చిన్న టీవీ ఎప్పుడుందమ్మా? కుట్టుమిషనుదై ఉంటుంది," అన్నారు పక్కింటి టీచరుగారు. మిషను ఇంకా వరండాలోనే ఉంది కాబట్టి తీసుకెళ్లి తొడిగి కూడా చూశారు. అటు తిప్పినా పట్టలేదు, ఇటు తిప్పినా పట్టలేదు. "మిక్సీకి పెద్దది, కుర్చీకి చిన్నది. మీ పెద్దమ్మ దీన్ని ఏ వస్తువుకి అల్లిందో, ఆ వస్తువే లోకంలోంచి పోయినట్టుంది," అని నవ్వారు.

ఆవిడ సరదాకి అన్నారు గానీ, జరిగింది అదే. అది కంప్యూటర్ తెరకు తొడిగిన కవరు. వెనక లావుపాటి డొక్కతో బల్ల సగం ఆక్రమించే పాతకాలపు తెర. ఆ సంగతి నేను చెప్పగానే ఇద్దరూ ఇంకా గట్టిగా నవ్వారు. "కంప్యూటర్‌కి చొక్కా కుట్టిందా కరుణమ్మగారు!" అన్నారు టీచరుగారు. నేను ఆ బొడిపెలోకి చెయ్యి దూర్చి చూశాను. దారం చల్లగా ఉంది. ఒకప్పుడు అదే చోట అరచెయ్యి పెడితే వెచ్చగా, లోపల ఏదో ఊపిరి తీస్తున్నట్టు ఉండేది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఆ ఇల్లంటే నాకు ముందు గుర్తుకొచ్చేది వాసన. నిజాంపట్నం నుంచి వచ్చిన ఎండురొయ్యలు బాణలిలో వేగుతున్న వాసన, పెద్దనాన్న పంచెలకు పెట్టిన గంజి వాసన, వర్షాకాలంలో వాటికి తోడు తడిసిన పెంకుల వాసన. తెల్లవారగానే పెద్దమ్మ ఏదో పాత కీర్తన సన్నగా కూనిరాగం తీస్తూ వాకిలి ఊడ్చేది. పెద్దనాన్న తాలూకా ఆఫీసులో గుమస్తా. కంచం పక్కన నిమ్మకాయ చెక్క కనిపిస్తే తప్ప భోజనానికి ముందు చేసే ప్రార్థన మొదలుపెట్టేవారు కాదు. అల్లిక పెద్దమ్మకు మిషనరీ బడిలో దొరసానులు నేర్పిన విద్య. ఇంట్లో ఏ వస్తువూ ఒంటి మీద గుడ్డ లేకుండా ఉండడం ఆవిడకు నచ్చేది కాదు. రేడియోకి, మంచినీళ్ల కూజాకి, పడక్కుర్చీ చేతులకి, అన్నింటికీ తొడుగులే. కంప్యూటర్ వచ్చిన వారంలోనే దానికీ కొలతలు తీసుకుంది.

దాన్ని తెచ్చింది జయన్నయ్య. పెద్దమ్మకు ఒక్కడే కొడుకు, జయరాజు. బాపట్లలో చదువుకుంటూ సెలవులకు ఇంటికి వచ్చేవాడు. అక్కడా ఇక్కడా పాత భాగాలు సంపాదించి తనే దాన్ని కూర్చుకున్నాడు. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడి మెడ దగ్గర ఎముక విరిగింది. అతుక్కున్నాక ఎడమ భుజం కాస్త కిందికి వాలిపోయింది. రైలు దిగిన గుంపులో ముఖం కనపడకముందే ఆ భుజాన్ని బట్టి వాణ్ణి పోల్చుకునేవాళ్లం.

ఆ కంప్యూటర్‌లో వాడికి ఇష్టమైన ఆట ఒకటుండేది. కాల్చడాలూ చంపడాలూ లేవు. ఎక్కడో చలిదేశపు కొండల్లో బస్సు నడపాలి, దారిలో చెయ్యెత్తిన వాళ్లను ఎక్కించుకుంటూ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లాలి. కొండ దిగాక నది మీద ఒక పొడుగాటి వంతెన వస్తుంది. దాని మీద పొగమంచు. అక్కడిదాకా ఆట బాగానే నడిచేది. మంచులోకి దిగగానే చక్రాలు బురదలో కూరుకున్నట్టు బొమ్మ ఆగి ఆగి కదిలేది, ఇంకాస్త ముందుకెళ్లాక మొత్తం బిగుసుకుపోయేది. ఇంజను చప్పుడులో ఆఖరి ముక్క మాత్రం పట్టుకుపోయి, మీట నొక్కి ఆపేదాకా అదే మోగుతూ ఉండేది.

లోపల వేడెక్కడం వల్లే ఇదంతా అని జయన్నయ్య నమ్మకం. పెట్టె పక్క రేకు ఊడదీసి, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దాని వైపు తిప్పేవాడు.

"నాకంటే దానికి ఎక్కువ ఉక్కపోస్తోందిరా?" అనేవారు పెద్దనాన్న, తువ్వాలుతో విసురుకుంటూ.

"మీకు చెమట పడితే తుడుచుకుంటారు నాన్నా. అది చచ్చిపోతుంది."

వెనక కుర్చీలో పెద్దమ్మ అల్లుకుంటూ ఉండేది. "ఈసారి దాటిస్తాను, చూడమ్మా," అనేవాడు వాడు. "ఊఁ, దాటించు," అనేది ఆవిడ, దారం మీంచి కళ్లెత్తకుండా.

ఒక ఆదివారం స్నేహితులతో కలిసి వాడు బాపట్ల దగ్గర సముద్రానికి వెళ్లాడు. మిగతావాళ్లు తిరిగొచ్చారు. పడవలవాళ్లు వెతికారు. పెద్దనాన్న కట్టుకున్న పంచెతోనే ఒడ్డు వెంబడి కనిపించిన ప్రతి జాలరిపల్లె దాకా నడిచారు. విప్పి ఇసుకలో పెట్టిన చొక్కా తప్ప ఏమీ దొరకలేదు. ఆ తరువాత పెద్దమ్మ ఎండురొయ్యల డబ్బా కడిగి ఎండలో బోర్లించింది. సముద్రపు చేప మళ్లీ ఆ ఇంట్లోకి రాలేదు. రేపల్లె ఇల్లు ఏ వాసనా లేని ఇల్లయిపోయింది.

మా వాళ్లలో సమాధుల పండుగ అని ఒకటుంది. ముందు రోజుల్లో కుటుంబమంతా వెళ్లి తమ వాళ్ల సమాధుల మీద పిచ్చిమొక్కలు పీకి, సున్నం వేసి వస్తారు. పండుగనాడు పూలు చల్లి, పొద్దుగూకే వేళకు కొవ్వొత్తులు వెలిగిస్తారు. తాతయ్య, అమ్మమ్మల సమాధుల పక్కన పెద్దనాన్న కొంత జాగా ఉంచారు. జయన్నయ్య పేరుతో అక్కడ ఒక సమాధి కట్టించాలని ఆయన కోరిక. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "లోపల ఎవరున్నారని పైన పేరు రాయిస్తారు?" అంది. పండుగకు అందరి బకెట్లలో సున్నం ఉండేది, ఆవిడ బకెట్లోనూ ఉండేది, ఆ జాగా మాత్రం గడ్డి మొలిచి అలాగే ఉండేది.

ఆ రోజుల్లో నేను తెనాలిలో ఉండేదాన్ని. నాన్న జబ్బుతో నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఆగిపోయిందని ఊరంతా అనుకున్నారు గానీ నేను ఒప్పుకోలేదు. పొద్దున వంట అయిపోగానే శాఖా గ్రంథాలయానికి వెళ్లి కూర్చునేదాన్ని. దినపత్రికల కోసం వచ్చే పెద్దవాళ్లు ముందుగదిలో పోట్లాడుకుంటుంటే, లోపలిగదిలో ఎవరూ ముట్టని ఇంగ్లీషు కంప్యూటర్ పత్రికలన్నీ నావే. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో పేజీ నమిలి మింగేదాన్ని. నాకు కంప్యూటర్ ఎవరూ నేర్పలేదు, చదివి నేర్చుకున్నాను. ఈ వయసులోనూ ఈ మాట కాస్త గర్వంగానే చెబుతాను. శనివారం వస్తే అక్కకు తోడుగా ఉండమని అమ్మ నన్ను రేపల్లె ప్యాసింజర్ ఎక్కించేది. రైలుపెట్టెలో లంక అరటిగెలల మధ్య ఒదిగి కూర్చుని పత్రిక చదువుకుంటూ వెళ్లేదాన్ని.

అలాంటి ఒక శనివారం పెద్దమ్మ తెర మీది కవరు తీసింది. వాడు పోయినప్పటినుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"అమ్మడూ, నీకు ఇది వెయ్యడం వచ్చా?"

"వచ్చు పెద్దమ్మా."

"అయితే వెయ్యి. వాడు ఆ బస్సు ఎక్కడిదాకా తోలాడో అక్కడిదాకా నువ్వూ తోలు. ఎప్పుడూ వెనక కూర్చున్నదాన్నే గానీ, ఒక్కసారీ తలెత్తి చూడలేదే నేను."

తన కుర్చీ నా పక్కకు లాక్కుంది. చేతిలో అల్లిక లేదు. కొండలు, పైన్ చెట్లు, మలుపులు, అన్నీ దాటి వంతెన మీదికి వచ్చాం. మంచులో బస్సు తడబడడం మొదలుపెట్టింది. అప్పుడు ఎడమ వైపు, వంతెన రెయిలింగు దగ్గర, ఒక మనిషి కనిపించాడు. నిలువెల్లా తెలుపు. ముఖం లేదు, కళ్లు లేవు, చొక్కా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. సున్నంతో చేసినట్టు ఉన్నాడు. ఎడమ భుజం కిందికి వాలి ఉంది. బొమ్మ అక్కడే బిగుసుకుంది. చప్పుడు పట్టుకుపోయి మోగడం మొదలుపెట్టింది.

పెద్దమ్మ లేచి నిలబడింది. "భుజం చూడవే," అంది.

"పెద్దమ్మా, అది బొమ్మ."

"నేను బొమ్మ కాదన్నానా? భుజం చూడమంటున్నాను."

చూశాను. చూడనట్టు ఉండడం నావల్ల కాలేదు. పెద్దమ్మ ముందుకు వంగి తెర మీద, ఆ మనిషి మీద, చెయ్యి ఆనించింది. ఆ పాత తెరల అద్దం తాకితే సన్నగా చిటపటమనేది, చేతి వెంట్రుకలు లేచి నిలబడేవి. అది కరెంటు గుణమని నాకు తెలుసు, ఏ పేజీలో చదివానో కూడా తెలుసు. అయినా ఆవిడ చేతి మీది నెరిసిన వెంట్రుకలు వాడి వైపు వంగడం చూసి నా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను.

ఇక ప్రతి శనివారం అదే వ్యవహారమైంది. రైలు దిగి నేను వెళ్లేసరికి పెద్దమ్మ తల దువ్వుకుని ఉతికిన చీర కట్టుకుని ఉండేది. గది కిటికీ మూసేది. వంతెన దాకా మాట్లాడేది కాదు. బొమ్మ బిగుసుకున్నాక నేను మీట మీద చెయ్యి వేస్తే, "ఉండనీ," అనేది. ఇంజను చప్పుడు ముక్క అలా కొట్టుకుంటూనే ఉండేది. వరండాలోంచి పెద్దనాన్న, "ఇక ఆపవే తల్లీ, చెవిలో మేకు దిగుతున్నట్టుంది," అనేవారు. "మీరు అరుగు మీదికి వెళ్లండి," అనేది ఆవిడ, తల తిప్పకుండా. పోనుపోనూ ఆ శనివారాల కోసమే మిగతా వారమంతా గడపడం మొదలుపెట్టింది. అల్లిక మానేసింది. ఎవరైనా ఇంటికొస్తే జవాబు చెప్పి మళ్లీ ఆ గది తలుపు వైపు చూసేది.

ఒక ఆదివారం పెద్దనాన్న నన్ను రైలెక్కించడానికి వచ్చారు. స్టేషన్‌లో బండి కదులుతుంటే కిటికీ ఊచ పట్టుకుని నాలుగడుగులు నడిచారు.

"సువార్తా, అది బాగుచెయ్యడం కుదురుతుందా?" అన్నారు. "కుదరకపోతే పాడుచెయ్యి. నా మాట మీద పాడుచెయ్యి. మీ పెద్దమ్మ నాక్కూడా మిగిలేట్టు లేదు."

బాగుచెయ్యడానికే నేను కూర్చున్నాను. ముందు జయన్నయ్య నమ్మిన దారిలోనే వెళ్లాను. పెట్టె మీది అల్లిక తీసేశాను, దాని కింద గాలి బెజ్జాల మీద ఉంచిన వాడి బైబిల్ జాగ్రత్తగా పక్కన పెట్టాను, రంగులు వేసే కుంచెతో లోపలి దుమ్మంతా దులిపాను, ఫ్యాను పెట్టాను. వంతెన దగ్గర ఆగింది. ఆటను మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాను. ఆగింది. బొమ్మ పరిమాణం తగ్గించాను. తడబాటు కొంచెం తగ్గింది, తెల్లమనిషి మాత్రం చిన్నవాడై అక్కడే నిలబడ్డాడు.

జవాబు తెనాలి గ్రంథాలయంలో, పాఠకుల ప్రశ్నల పేజీలో దొరికింది. ఎవరో ఎక్కడినుంచో రాశారు. ఆటలో మంచు వచ్చినచోట నెమ్మదిస్తోందట, మనుషులు రంగు లేకుండా తెల్లగా కనిపిస్తున్నారట, ఆపైన బిగుసుకుని ఒకే చప్పుడు మళ్లీ మళ్లీ మోగుతోందట. కొత్త భాగాలు కొనకముందు బొమ్మలు గీసే కార్డు తాలూకు డ్రైవర్, అంటే దానితో పనిచేయించే ప్రోగ్రాము, ఏనాటిదో చూసుకోమని పత్రికవారు సలహా ఇచ్చారు. కార్డుతో వచ్చిన పాత డ్రైవర్‌కు, దాని తరువాత పుట్టిన ఆటలు అడిగే పనులు తెలియవని, కొత్తది ఎక్కిస్తే సరిపోతుందని రాశారు. కొత్త డ్రైవర్లు ఆ నెల పత్రికతో ఇచ్చిన సీడీలో ఉన్నాయి. నా పక్కన ఎవరూ లేకపోబట్టి సరిపోయింది గానీ, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ముఖం లేని మనిషిని చూసినవాళ్లు ఇంకొకరు ఉన్నారు!

సీడీ మాత్రం బీరువాలో తాళం వేసి ఉంది.

"పుస్తకాలు అరువివ్వమని చెప్పారమ్మా మాకు, పళ్లేలు ఇవ్వమని చెప్పలేదు," అన్నారు లైబ్రేరియన్‌గారు.

"పత్రికతో వచ్చిందేనండి. పత్రిక ఇస్తే ఇదీ ఇచ్చినట్టేనండి."

"గీత పడితే?"

"పడదండి. మీ ఎదురుగానే గుడ్డలో చుట్టుకుంటాను."

"ఏంటంత అర్జెంటు?"

"మా పెద్దమ్మకండి," అన్నాను. ఆయన నా ముఖం చూసి ఇంకేమీ అడగకుండా తాళం తీశారు.

శనివారం వెళ్లగానే కంప్యూటర్‌లో డ్రైవర్ తేదీ తీసి చూశాను. ఆట పుట్టకముందటిది. జయన్నయ్య కొన్న పాత కార్డుతో పాటు వచ్చిందాన్నే అలాగే వాడాడు. వేడి గురించి ఆలోచించినంతసేపు వాడు దీని గురించి ఆలోచించి ఉంటే ఏనాడో దాటి ఉండేవాడు. ఇక సీడీ పెట్టడమే తరువాయి. కానీ ఎక్కిస్తే ఏమవుతుందో ఆవిడకు ముందే చెప్పాలనిపించింది. తాతయ్య సంగతి ఎత్తాను. పెద్దమ్మ తండ్రి, అంటే మా తాతయ్య, మిషనరీ దొరలతో ఊళ్లు తిరిగి వాళ్ల ప్రసంగాలు తెలుగు చేసిన మనిషి.

"దొరగారు ఎప్పుడైనా తాతయ్యకు తెలియని మాట అంటే ఏం చేసేవారు పెద్దమ్మా?"

"ఏంటే ఇప్పుడా ప్రశ్న? తెలియని మాట వదిలేసి, ముందుదీ వెనకదీ చెప్పేసేవారు. జనానికేం తెలుసు?" చాలాకాలానికి ఆవిడ నవ్వింది. "పాత దొరతో బాగానే ఉండేది. కొత్త దొర వచ్చాక అవస్థ పడ్డారు. ఆయన మాట వేరు, తొందర వేరు. ఒకసారి కొల్లిపరలో నాన్న నోరు తెరుచుకుని అలా నిలబడిపోయారు. జనం నాన్న వంక, నాన్న దొర వంక."

"ఇదీ అంతే. ఈ ఆట కొత్త దొర. ఆట చెప్పింది విని బొమ్మ గీసేవాడికి చెప్పాల్సిన దుబాసి పాతవాడు. మంచు గురించి ఆట ఏదో చెబుతుంది, ఇతనికి తెలియదు, తడబడతాడు. ఆ మనిషి ముఖం ఇదీ, చొక్కా ఇదీ అని చెబుతుంది, తెలియక వదిలేస్తాడు. అందుకే తెల్లగా మిగిలాడు. ఆఖరికి నోరు తెరుచుకుని నిలబడిపోతాడు."

పెద్దమ్మ తెర వైపు తిరిగింది. "అయితే ఆ మనిషికి ముఖం ఉందన్నమాట."

"ఉంది."

"చెప్పేవాడు లేక మనకు కనపడట్లేదు."

"అవును. కొత్త దుబాసిని తెచ్చాను పెద్దమ్మా. బస్సు వంతెన దాటుతుంది. కానీ ఆ మనిషి ఇక ఇలా ఉండడు."

ఆవిడ లేచి కవరు తీసుకుని తెరకు తొడిగింది. ద్రాక్షగుత్తుల అంచు రెండు చేతులా సవరించింది. "పండుగ కానివ్వు," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ ఏడు పండుగ ముందు ముసురు పట్టింది. వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం సున్నం బకెట్, తాటి పీచు కుంచె పట్టుకుని వెళ్లాం. నేను మొక్కలు పీకుతుంటే పెద్దమ్మ తాతయ్య సమాధికి సున్నం వేసింది. తడిసున్నం వేసేటప్పుడు నీళ్లలాగే ఉంటుంది, రాయి రంగు కనిపిస్తూనే ఉంటుంది. ఆరేకొద్దీ తెలుపు పైకొస్తుంది. పని అయ్యాక ఆవిడ తల ఎత్తి చుట్టూ చూసింది. అందరూ వేసి వెళ్లినవన్నీ ఆరి, మబ్బు వెలుతురులో వరసలుగా తేలాయి.

"అమ్మడూ, అందరూ ముఖాలు లేకుండా నిలబడ్డట్టే ఉన్నారే," అంది. తరువాత గడ్డి మొలిచిన జాగా దగ్గరకు వెళ్లి నిలబడింది. కుంచెలో ఇంకా సున్నం ఉంది. చుక్కలు గడ్డి మీద పడుతున్నాయి. ఆవిడ వాటిని చూస్తూ ఉండిపోయింది.

పండుగ మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచింది. గోళ్ల సందుల్లో సున్నం అలాగే ఉంది. "వెయ్యి నీ దుబాసిని," అంది. ఆ రోజు కిటికీ మూయలేదు. పెద్దనాన్న గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డారు, లోపలికి రాలేదు.

కొత్తది ఎక్కించే ముందు పాతది తీసెయ్యాలి. తీసేసి మళ్లీ వెలిగించేసరికి తెర మీది బొమ్మలూ అక్షరాలూ ఇంతింత లావయ్యాయి. "ఏంటే, చత్వారం వచ్చినవాళ్ల కోసమా?" అంది పెద్దమ్మ. నవ్వబోయి ఇద్దరం ఆగిపోయాం. సీడీ గిర్రున తిరిగింది. మధ్యలో కరెంటు పోయి, బల్ల కింద బ్యాటరీ పెట్టె కుయ్యోమని అరవడం మొదలుపెట్టింది. అది ఆరిపోతే మొదటికొస్తుంది. పెద్దనాన్న గుమ్మంలోంచే, "ప్రభువా," అన్నారు. కరెంటు వచ్చింది. ఇంకోసారి ఆపి వెలిగించాను. ఆట తెరిచాను.

కొండల మీద అంతకు ముందు లేని ఎండ ఉంది. మంచు వచ్చింది. ఈసారి అది పొరలు పొరలుగా కదులుతూ వచ్చింది. బస్సు తడబడలేదు. ఎడమ వైపు, రెయిలింగు దగ్గర, వాడు నిలబడే చోట, గోధుమరంగు కోటు వేసుకున్న ముసలాయన ఉన్నాడు. బుర్రమీసాలు. ఎడమచేతిలో బరువైన సంచి, ఆ బరువుకు భుజం కిందికి లాగేసింది. బస్సును చూసి కుడిచెయ్యి పైకెత్తాడు.

పెద్దమ్మ ఏమంటుందోనని పక్కకు చూశాను.

"ఆపవే!" అంది. "చెయ్యెత్తుతున్నాడు పాపం. ఎన్నాళ్లనుంచి నిలబడ్డాడో ఏమో."

ఆపాను. తలుపు తెరుచుకుంది, ఆయన ఎక్కాడు. వంతెన దాటాం. అవతల దారి మామూలుగానే ఉంది. నాలుగు పొలాలు, ఒక చర్చి గోపురం, వీధి దీపాల చిన్న ఊరు. ఆ ఊళ్లో ముసలాయన దిగి, సంచి చెయ్యి మార్చుకుని, ఒక సందులోకి వెళ్లిపోయాడు. ఆయన కనుమరుగయ్యేదాకా పెద్దమ్మ చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే పెద్దమ్మా."

"వాడికి చెప్పాలి," అంది. నాకు అర్థం కాలేదని చూసి, "జయకి. వంతెన అవతల ఏముందో వాడు చూడనేలేదు. ఎన్ని సెలవులు దీని మీదే పెట్టాడో నీకు తెలియదు," అంది. గుమ్మం వైపు తిరిగింది. "ఏవండీ, తాపీమేస్త్రీకి కబురు పెట్టండి. ఖాళీదైతే అయింది. చెప్పుకోవడానికి ఒక చోటు కావాలి."

పెద్దనాన్న అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

ఆ తరువాత సంగతి ఎవరికీ చెప్పలేదు. సమాధి కట్టించాక, ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నేను పాత డ్రైవర్‌నే మళ్లీ ఎక్కించాను. వాడు నాక్కూడా అన్నయ్యే. పెద్దమ్మ పక్కన తెలివిగలదానిలా కూర్చున్నానే గానీ, అన్ని శనివారాలూ ఆ భుజం కోసమే నేనూ బస్సు తోలాను. తెల్లమనిషి వచ్చాడు, అదే చోట, అలాగే. కానీ ఎంత చూసినా నాకు సంచి పట్టుకున్న ముసలాయనే కనిపించాడు. చదువుకున్నందుకు నేను చెల్లించిన మూల్యం అది ఒక్కటే. చప్పుడు అలా కొట్టుకుంటుండగా కాసేపు కూర్చుని, కొత్తది మళ్లీ ఎక్కించి, కవరు తొడిగి వచ్చేశాను.

ఇప్పుడు తెనాలిలో నా బల్ల మీద మడిచిపెట్టే కంప్యూటర్ ఉంది. డ్రైవర్లు అవే తెచ్చుకుంటాయి, అవే మార్చుకుంటాయి. పొద్దున తెరిస్తే అంతా సిద్ధంగా ఉందని ఒక ముక్క కనిపిస్తుంది. దేన్ని తీసేశాయో, ఎవరిని చెరిపేశాయో చెప్పవు, పండుగ కానిమ్మని ఆపడానికీ ఉండదు. గ్రంథాలయం లోపలిగదిలో ఆ పత్రికలు లేవు. నేను ఇప్పటికీ వెళ్లి అదే కుర్చీలో కూర్చుంటాను. ఎప్పుడైనా తెర మీద బొమ్మ క్షణం సేపు తడబడితే మాత్రం నా కళ్లు ఎడమ వైపుకే పోతాయి. అక్కడ ఎవరూ ఉండరు. ఇప్పటి ఆటల్లో ప్రతి మనిషికీ ముఖం ఉంటుంది, చొక్కాకు గుండీలు కూడా ఉంటాయి. ఎవరైనా వచ్చి నిలబడదామన్నా అంత తెలుపు ఎక్కడా మిగలలేదు.

మొన్న పండుగకు రేపల్లె వెళ్లాను. పెద్దనాన్న ముందే వెళ్లిపోయారు, ఇప్పుడు పెద్దమ్మ ఆయన పక్కన, వాళ్లిద్దరి పక్కన లోపల ఎవరూ లేని జయన్నయ్య సమాధి. చుట్టూ అందరూ పెయింట్లు, టైల్సు వేయించారు. నేను సున్నమే కలుపుకెళ్లాను. మూడింటికీ వేసి, కుంచె బకెట్లో పడేసి, "నీ కవరు దొరికింది పెద్దమ్మా. ఇంట్లో దేనికీ పట్టలేదు. నేను తెనాలి తీసుకెళుతున్నాను," అని పైకే చెప్పాను. చెప్పాల్సింది అయిపోయినా వెంటనే రాబుద్ధి కాలేదు. తడి ఆరి, రాళ్లలోంచి తెలుపు నెమ్మదిగా పైకి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.